అందరిదీ ఎడమ మోకాలే

ఆ ఆదివారం చర్చిలో మోకాళ్ల ప్రార్థన అయిపోయింది. అందరూ లేచారు, నేను లేవలేకపోయాను. ఎడమ మోకాలి చిప్ప కింద మేకు దిగ్గొట్టినట్టయింది. పక్కనున్న మా తోడికోడలు దీవెన నవ్వింది.

"ఏటక్కా, దేవుడికి నీ కోరికలు సెప్పడం ఇంకా అవ్వలేదేటి?"

"కోరికలు కాదే, కాలు. బేగి సెయ్యందియ్యి, లెగలేకపోతన్నాను."

అప్పటికి నాకు నలభై దాటాయి. నర్సీపట్నంలో జీడిపిక్కల మిల్లులో కటింగ్ మిషన్ మీద పనిచేస్తాను. ఆ మిషన్ గురించి చెప్పకుండా నా జబ్బు గురించి చెప్పలేను. కుడికాలితో పెడల్ తొక్కితే రెండు బ్లేడ్లూ పిక్కని పట్టుకుంటాయి, చేత్తో పిడి తిప్పితే తొక్క విచ్చుకుంటుంది. పెడల్ ఉండేది కుడివైపే. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటి బరువంతా ఎడమకాలి మీదే. కాలు మారిస్తే చెయ్యి తడబడి వేలు తెగుతుందని పనిలో చేరిన రోజే చెబుతారు. ఎడమకాలు పాతేసి, నడుం ఓ పక్కకి వాల్చి, కదలకుండా నిలబడే మనిషికి మా మిల్లులో పనిమంతురాలని పేరు. ఆ పేరు నాకూ ఉంది.

ముందు మా వీధిలో ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేశారు. రెండు రోజులు హాయి, మళ్లీ మొదటికే. తర్వాత టౌన్లో ఎముకల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నా ముఖం చూడలేదు, ఎక్స్‌రే చూశారు. "అరుగుదల మొదలైందమ్మా. వయసు కదా. బరువు తగ్గండి." నొప్పి మాత్రలు, కాల్షియం, మోకాలికి క్యాప్ రాసిచ్చి తర్వాతి మనిషిని పిలిచారు. ఏం పని చేస్తావని ఒక్క ముక్క అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మోకాలేమన్నా ఇంట్లో దాచుకుని మిల్లుకి వెళ్తామా?

మిల్లులో సూపర్‌వైజరు ఇంకో సలహా ఇచ్చాడు. "నిలబడలేకపోతే కింద కూకుని పప్పుకి పొట్టు తియ్యి." నేలమీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే చిప్ప మీద ఒత్తిడి ఇంకా పెరిగింది. ఓ సాయంత్రం మార్కెట్ దగ్గర ఆటో దిగుతుంటే ఎడమకాలు మడతపడిపోయి, వంకాయల బుట్ట మీద పడ్డాను. బుట్ట మనిషి నన్ను లేపి, వంకాయల కోసం తిట్టింది. ఇంటికెళ్తే మా ఆయన "పని మానీసి ఇంట్లో కూకో" అన్నాడు. నా మంచికే అన్నాడు. కానీ పప్పు విరక్కుండా తీస్తానని పేరు తెచ్చుకున్నదాన్ని నేను. ఆ మిషన్ దగ్గర నా చోటు పోతుందన్న భయం ముందు మోకాలి నొప్పి ఏపాటిది?

చివరికి విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లాను. ఎమ్మారై తీశారు. డాక్టరమ్మ గారు చూసి "లిగమెంట్లు బాగున్నాయి, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ బాగుంది" అన్నారు. నాకు కోపం ఆగలేదు.

"అన్నీ బాగుంటే నానెందుకు కుంటతన్నానండీ?"

ఆవిడ నొచ్చుకోలేదు. "మీరేం పని చేస్తారు? ఎలా నిలబడతారో చేసి చూపించండి" అన్నారు. ఎడమకాలు పాతి, కుడికాలితో లేని పెడల్ తొక్కాను. ఆవిడ వెనక నిలబడి నా నడుంకి రెండు పక్కలా చేతులు వేశారు.

"కుడిపక్క కిందికి జారిపోతోంది, తెలుస్తోందా? జారకుండా పట్టుకోవాల్సింది ఎడమ తుంటి పక్కనుండే గ్లూటియస్ మీడియస్ అనే కండరం. అది అలిసిపోయింది. అది వదిలేసరికి తొడ లోపలికి తిరిగి, మోకాలు లోపలికి వాలి, చిప్ప గాడి తప్పి ఒరుసుకుంటోంది. నొప్పి మోకాలిది, లోపం తుంటిది."

ఇన్నాళ్లూ ఇంజెక్షన్లు, నూనెలు, కాపడాలు అన్నీ మోకాలికే. తుంటి వైపు చూసినవాడు లేడు.

ఫిజియోథెరపీలో పక్కకి తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం, తొడలకి రబ్బరు బ్యాండ్ కట్టుకుని పక్కకి అడుగులు వేయడం నేర్పారు. విసుగు పుట్టించే పనే, కానీ మానలేదు. కొన్ని నెలలకి మెట్లు ఎక్కగలిగాను. ధైర్యం చేసి మళ్లీ మిషన్ దగ్గర నిలబడ్డాను. వారం తిరక్కుండా నొప్పి తిరిగొచ్చింది. నా తుంటి బాగుపడింది గానీ పెడల్ అక్కడే ఉంది కదా!

పెడల్ ఎడమవైపుకి కూడా జరిగేలా చేయించమని సూపర్‌వైజరుని అడిగాను. "ఇంతమందికి లేని నొప్పి నీకొక్కదానికే వచ్చిందేటి?" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి మిషన్ల చప్పుడు మీంచి అరిచాను. "మోకాలు నొప్పి ఎవరెవరికుందో సెయ్యెత్తండి!"

ఒక్కో మిషనే ఆగింది. ఒక్కో చెయ్యే లేచింది.

"ఏ కాలు?" అన్నాను.

అందరూ వంగి ఎడమ మోకాలే పట్టుకున్నారు. నా పక్క మిషన్ సూరీడమ్మకి ముప్పై ఏళ్లు కూడా లేవు. "వయసొచ్చీసిందనుకున్నానక్కా" అంది. నాకు ఏడుపొచ్చింది, దానికన్నా ఎక్కువ కోపమొచ్చింది. ఆ వారమే సూపర్‌వైజరు వెల్డింగ్ అతన్ని పిలిపించి, పెడళ్లు ఎడమవైపుకి కూడా జరిగేలా చేయించాడు. ఒక్కో మిషన్‌కి పట్టిన పని ఓ గంట. ఆ గంట పని చేయించక ఇంతమందిని కుంటివాళ్లని చేశారు.

ఇప్పుడు టీ టైముకి కాలు మారుస్తాం. ఎడమకాలితో తొక్కడం అలవాటయ్యేదాకా చాలా పప్పు విరగ్గొట్టాను, పడాల్సిన మాటలూ పడ్డాను. వ్యాయామం మానలేదు. చర్చిలో దిండేసుకుని మోకరిస్తున్నాను, నా అంతట నేనే లేస్తున్నాను. కోపం మాత్రం తగ్గలేదు.

మీకు చెప్పేది ఒకటే. డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో చెప్పి ఊరుకోకండి. రోజంతా ఎలా నిలబడతారో, ఎలా కూర్చుంటారో, అడగకపోయినా లేచి చేసి చూపించండి. బయల్దేరే ముందు మీ పక్కన పనిచేసే మనిషిని కూడా ఓ మాట అడగండి, నీది ఏ కాలు అని.