దొరసాని పుస్తకంలో అర వాక్యం

నా చిన్నప్పుడు మా జేజినాయన దగ్గరికి ఒక తెల్ల దొరసాని వేదాంతం చదువుకోవడానికి వచ్చేది. జేజినాయన అంటే మా నాయనకు నాయన, మిషన్ బడిలో పంతులుగా చేసి మానుకున్న మనిషి. మేం తరాల నాటి క్రైస్తవులం. అయినా మా జమ్మలమడుగు పక్కన ఉపనిషత్తులను ఇంగ్లీషులో విడమరిచి చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. మా పాస్టరయ్యకు అది బొత్తిగా నచ్చేది కాదు. తెలుసుకుంటే దేవుడేం కోప్పడడని జేజినాయన అనేవాడు.

అంతకు రెండేళ్ల ముందు పంచాయతీ ఎన్నికలప్పుడు ఎదుటి పార్టీవాళ్లు మా నాయనను నరికేశారు. అందులో ఉన్నాడని ఊరంతా చెప్పుకున్న మనిషి ఒకడు, సాక్షులు లేక కేసు పోతే, మేం వంక అనే ఇసుక వాగుకు అవతల వీధిలో మామూలుగా తిరుగుతుండేవాడు. ఆనాటి నుంచి జేజినాయన వంక దాటలేదు. మా చిన్నాయనలు కొడవళ్లు నూరుకుని ఆయన మాట కోసం కాచుకున్నారు. ఆయన ఊ అంటే చాలు. ఆయన ఊ అనలేదు, వద్దనీ అనలేదు.

దొరసానికి పుస్తకాలు చాలలేదు. వంక అవతల మగ్గం నేసుకుంటూ కదలని పరిపూర్ణం ఒక్కటే నిజమనే అచల తత్వం బోధించే పెద్దాయన ఉన్నాడని విని, అక్కడికి తీసుకుపొమ్మని పట్టుబట్టింది. ఆయన చాప మీద కులమూ మతమూ అడిగేది లేదు. ఒకటే ఆచారం. వచ్చినవాళ్లు ముందే కూర్చున్న ప్రతి ఒక్కరి కాళ్లకూ మొక్కాలి, వాళ్లూ తిరిగి మొక్కాలి. నెల రోజులు ఏవేవో సాకులు చెప్పి, చివరికి ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక జేజినాయన నన్ను తోడు పెట్టుకుని బయలుదేరాడు. ఆయన మనుషులకు మొక్కడని పెద్దాయనకు తెలుసు. మీకు అక్కర్లేదులే, కూర్చోండన్నాడు.

కాసేపటికి, మా నాయనను నరికినవాళ్లలో ఉన్నాడన్న ఆ మనిషే గడపలో నిలబడ్డాడు. మమ్మల్ని చూసి వాడి మొహం పాలిపోయింది. వెనక్కి పోతాడనుకున్నాను. పోకుండా వరసగా ఒక్కొక్కరికీ మొక్కుతూ వచ్చాడు. నా దగ్గర వంగగానే కాళ్లు పావడాలోకి లాక్కున్నాను. వాడు ఉత్త చాపకు మొక్కి, జేజినాయన ముందు వంగాడు.  జేజినాయన మెల్లగా ముందుకు వంగి వాడి కాళ్లు తాకాడు. నేను తల తిప్పుకున్నాను.

ఏమైందని దొరసాని మెల్లగా అడిగింది.

"ఈడ ఇదే ఆచారమమ్మా. రాసుకో," అన్నాడాయన. ఆమె రాసుకుంది.

తిరిగి వస్తూ వంకలో ఏడ్చి గొడవ చేశాను. మా నాయనను చంపినోనికి ఎందుకు మొక్కినావని నిలదీశాను. ఆయన ఇసుకలో కూలబడ్డాడు.

"వాడు మనసులో ఏం పెట్టుకోని మొక్కినాడో నాకు తెల్దమ్మా. నేనైతే ఆచారమనే వంగినా. వంగినాక నడుం పట్టేసి లేయలేకపోతి. నువ్వు చూడలే. వాడే చెయ్యిచ్చి లేపినాడు. నేను సరిగ్గా కూచునేదాకా ఇడ్సలేదు."

ఇంటికి పోగానే చిన్నాయనలను పిలిచి వద్దన్నాడు. వాళ్లు ఆయనతో ఏళ్ల తరబడి మాట్లాడలేదు. మా రెండిళ్లలో మాత్రం ఇంకొక చావు జరగలేదు.

నేనూ పెద్దయ్యాక మతాలూ దర్శనాలే చదివి, కాలేజీలో అవే చెప్పి రిటైరయ్యాను. దొరసాని పుస్తకం ఎప్పటికో నా చేతికొచ్చింది. మంచి పుస్తకమే. శిష్యులు ఒకరి కాళ్లకొకరు మొక్కుకుంటారని అందులో ఒక అర వాక్యం ఉంది. తప్పేం లేదు. కానీ అక్కడికి వచ్చేసరికి నా కాళ్లు ఇప్పటికీ ముడుచుకుంటాయి. జేజినాయన పోయాడు, ఆ మనిషీ పోయాడు. ఆ రోజు నా ముందు వంగిన ఆయనకు నేను తిరిగి మొక్కవలసింది అలాగే ఉండిపోయింది.