ఇస్త్రీగదిలో తీసిన శోకం

నిన్న మంగళవారం సంతలో కొత్తిమీర బేరమాడుతుంటే నా ఏడుపు నా పక్కనుంచే కారెక్కి పోయింది. అబద్ధం కాదు. సౌదీ దక్షిణాన ఈ అభా ఊళ్లో అసర్ నమాజు వేళకు, అంటే పొద్దు వాలే వేళకు, లోయలోంచి పొగమంచు పైకెక్కి వస్తుంది; పది అడుగుల అవతల మనిషి కనపడడు. ఆ మంచులోంచి అద్దాలు దించిన కారొకటి మెల్లగా వచ్చింది. లోపల కుర్రాళ్లు, గుండె అదిరేలా డప్పు, ఆ డప్పు కింద ఒక ఆడమనిషి రాగం తీసి ఏడుస్తోంది. కూరలమ్మే ముసలామె ఆ రాగానికి తలాడించింది కూడా. ఆ గొంతు నాదని ఆమెకెలా చెప్పేది? చేతిలో కట్ట చేతిలోనే ఉంచుకుని, ఆ పాట చివర రావలసిన ఒక్క మాట కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. ఆ మాట సంగతి చెప్పాలంటే నాలుగేళ్లు వెనక్కి పోవాలి.

నేను పనిచేసే ఇల్లు కొండ అంచున ఉంది. మేడమ్‌కు నలుగురు కొడుకులు. ముగ్గురు ఉద్యోగాల్లో కుదురుకున్నారు, నాలుగోవాడు పాటగాడయ్యాడు. పాటగాడంటే హార్మోనియం ముందు కూర్చున్నవాణ్ణి ఊహించుకోకండి. మా కడప జిల్లాలో కల్లంగడి ముందు ఇద్దరు పంతానికి పోయి తిట్టుకుంటుంటే వెనకాల ఎవడో పలక వాయించినట్టుంటుంది వాడి పాట. దాన్ని ర్యాప్ అంటారట. చదువుకని రియాద్ పోతే అక్కడివాళ్లు వాడి దక్షిణాది యాసను రెండేళ్లు వెక్కిరించారు. ఆ కక్షంతా తొమ్మిది పాటల్లో కక్కి అప్పుడు మొదటి ఆల్బమ్ చేస్తున్నాడు. దానికి ‘జనూబ్’ అని, అంటే దక్షిణం అని పేరు పెట్టుకున్నాడు. పాడడానికి ఇల్లంతా వెతికి, చివరికి మిద్దె మీద నా ఇస్త్రీగదిలో మైకు పాతాడు. వేలాడే బట్టలుంటే గొంతు గోడలకు తగిలి మోగదట. మగవాళ్లు తొడిగే పొడుగాటి తెల్లచొక్కాలు ముప్పై దాకా వేలాడుతుండేవి. వాటి నడుమ వాడు అరిచేవాడు, నేను ఇస్త్రీ చేసేదాన్ని.

“ఖాలా, ఆ పెట్టె బుస్సుమనకుండా కాసేపు ఆపవా?” అనేవాడు. ఖాలా అంటే పిన్ని.

“ఆపితే మీ నాయన నలిగిన చొక్కాతో ఆఫీసుకు పోతాడు. ముందు నీ గొంతుకు ఇస్త్రీ చేసుకో పో” అనేదాన్ని, నా వచ్చీరాని అరబ్బీలో. పడీ పడీ నవ్వేవాడు.

అలాంటి ఒక అసర్ వేళ వాడు రికార్డు చేసే మిషను ఆపడం మరిచి నమాజుకు పోయాడు. మేడమ్ పుట్టింట్లో ఉంది. మా బావ, అంటే మా ఆయన అన్న, ఫోను చేశాడు. “అమ్మీ, తమ్ముడు పోయినాడు. పొద్దున గని కాడ కూలబడినాడు, మళ్ల లెయ్యలా. నువ్వొచ్చేదాకా పెట్టుకోలేం, ఏమనుకోవద్దు” అన్నాడు. ఎలా పోతాను? నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు తీరి ఉంది. ఈ దేశం దాటి మళ్లీ రావడానికి కావలసిన కాగితం ఇంటి యజమాని బాబా ఎంత తిరిగినా పదమూడో రోజుకు గానీ రాలేదు. అప్పటికి ఊళ్లో దినాలు కూడా అయిపోయాయి.

మా దగ్గర శోకం ఒక్కతే కూర్చుని తీసేది కాదు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాడి నడకా, తిండీ, కోపమూ అన్నీ రాగం కట్టి చెప్పుకోవాలి. ఆఖరున పక్కనున్న మనిషి వీపు నిమిరి “ఊరుకో” అనాలి. ఆ మాట వినపడితేనే పోయినవాడు కూడా గడప దాటి తన దారిన పోతాడని మా అమ్మ చెప్పేది. ఆ రోజు నాకు పట్టుకోవడానికి మెడ లేదు. తెల్లచొక్కాలు పట్టుకుని ఏడ్చాను. కిటికీలోంచి పొగమంచు వచ్చి ఒక్కో చొక్కాలోకీ దూరింది. చొక్కాలు ఉబ్బాయి. తలల్లేని మగవాళ్లు వరసగా నిలబడి నా మాట వింటున్నట్టుంది. ఒక్కరూ ఊరుకోమనలేదు. గొంతు పోయాక ఆగిపోయాను. ఆగడం వేరు, ఊరుకోవడం వేరు.

రెండు నెలల తర్వాత వాడు వంటింట్లోకి వచ్చి, పిండి చేతులతో ఉన్న నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. “విను ఖాలా, తొమ్మిదో పాట. దీనికి ప్రాణం నీ పాటే” అన్నాడు. వాడి నానమ్మ కాలంలో కొండపొలాల్లో ఆడవాళ్లు పనిచేస్తూ పాడేవారట. నాదీ అలాంటి ఇస్త్రీ పాటే అనుకున్నాడు, పిచ్చినాయన. నా ఏడుపు నేనే విన్నాను. నేను ఊపిరి తీసుకున్న చోట, రెండు రాగాల మధ్య, ఎవరో దగ్గారు. రెండుసార్లు.

నాపరాళ్ల గనిలో పాతికేళ్ల దుమ్ము మింగిన మనిషి మా ఆయన. రెండుసార్లు దగ్గందే ఏ మాటా మొదలుపెట్టడు. ఫోనులో కూడా ముందు ఆ రెండు దగ్గులూ వచ్చేవి, ఆ తర్వాతే “ఏమ్మే, తిన్న్యావా?” అనేవాడు.

“ఎవరు దగ్గింది?” అని అడిగాను.

“నువ్వే కదా?” అన్నాడు. నేను కాదన్నాను. మళ్లీ పెట్టి విన్నాడు. హెడ్‌ఫోన్లు మెడలోకి దించాడు. “గదిలో ఎవరూ లేరు ఖాలా. నేను మసీదులో ఉన్నాను.”

ఆ రోజు మొదలు వాడు మిద్దె మీద ఆ పాట పెట్టినప్పుడల్లా మెట్ల మీద దగ్గు వినపడేది. మంచు పడితే కొండకోతులు వచ్చి పిట్టగోడ మీద కూర్చుంటాయి, దగ్గేది అవేనంది మేడమ్. కోతులు దగ్గుతాయా అని, నేను చెబుతుంటే ఇది రాసిపెడుతున్న నర్సమ్మ కూడా అడుగుతోంది. దగ్గుతాయమ్మా, కాదనను. కానీ రెండుసార్లు దగ్గి, జవాబు కోసం ఆగుతాయా?

ఇక తట్టుకోలేక వాణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పాను. అరబ్బీ చాలనిచోట మా మాటలే వచ్చేశాయి. “నాయనా, నీ పాట ఊరూరా మోగుతాది. మోగినప్పుడల్లా నేనాయప్పను పిలుస్తాండా. రావల్ల, వాకిట్లో నిలబడల్ల. దినాలైపోయిన మనిషిని ఎన్నితూర్లు పిలుస్తా? తీసెయ్.”

వాడు ఆ పాటను తెర మీదికి తెచ్చాడు. “తీసేస్తాను ఖాలా. నీ మనిషికంటే నా పాట ఎక్కువా?” అని మీట మీద వేలు పెట్టాడు. ఏడుపు పోతే పోనీ. దానితోపాటు ఆ రెండు దగ్గులూ పోతాయని అప్పుడు తట్టింది నాకు. చటుక్కున వాడి చెయ్యి పట్టుకున్నాను. తీయొద్దు, తక్కువైంది చేర్చమన్నాను. నా వెనక నిలబడి ఊరుకో అనమన్నాను.

నాలుగు రోజులు నేర్పాను. వాడి గొంతులో ఆ మాట కొట్లాటకు పిలిచినట్టే వచ్చేది. “అట్ల కాదురా, వీపు నిమురుతా చెప్పల్ల” అన్నాను. చివరికి మైకు ముందు నన్ను నిలబెట్టి, బెరుకుగా నా వీపు మీద చెయ్యి వేసి “ఊరుకో, ఖాలా” అన్నాడు. నేను ఊరుకున్నాను. ఆల్బమ్‌లో ఆఖరి మాట అదే.

చేర్చిన తర్వాత పాటంతా పెట్టి వినిపించాడు. దగ్గులు లేవు. అల్లా మీద ఒట్టు, తానేమీ చెరపలేదన్నాడు. మెట్ల మీదా ఏమీ లేదు. కోతులు వచ్చేవి, కూర్చునేవి, పోయేవి. ఒక వారం నిశ్చింతగా ఉన్నాను. ఆ తర్వాత రోజూ అసర్ వేళ ఇస్త్రీపెట్టె ఆపేసి, తెల్లచొక్కాల మధ్య నిలబడి ఆ దగ్గు వినపడుతుందేమోనని వినడం మొదలుపెట్టాను.

నిన్న సంతలో, వాడి మాట ఇంకా రాకముందే కారు మలుపు తిరిగిపోయింది. నా ఏడుపు ఊరుకోకుండా మంచులోకి పోయింది. ఎవరో ఒకరు ఆ మాట అనాలి. అక్కడ తెలిసినదాన్ని నేనొక్కతెనే. నోరు తెరిచాను. అనలేదు. మలుపు దగ్గర, మంచులో, రెండు దగ్గులు వినపడ్డాయి. కోతే అయి ఉంటుంది. నాలుగేళ్లు గడిచాయని నా ఇఖామా చెబుతోంది. నాకు మాత్రం ఈ కాలం, అచ్చం ఆయనలాగే, ఏదో చెప్పబోతూ రెండుసార్లు దగ్గి, నేను పలుకుతానేమోనని ఆగి ఉన్నట్టుంది.