కువైటు గదిలో రేడియోకు ఎదురుమాట

మొన్న మా కోడలు నా సెల్‌ఫోనులో ఏదో నొక్కి, ఇక ఏ దేశం రేడియో అయినా ఇందులో వినొచ్చు మామా అని చేతిలో పెడితే, కుర్చీలోంచి కదలకుండా నాలుగు దేశాలు తిరిగొచ్చాను. దేశానికొక రకం రేడియో అనుకుంటారు గానీ, అసలు మారేది వినే తీరండీ. అయిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టిన నాకు ఈ సంగతి కువైటు నేర్పింది.

మీకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు వీధికొక రేడియో ఉంటే గొప్ప. రాయలసీమలో కోసిగి పక్కన మా పల్లెలో అది మా మేనమామ ఇంట్లో ఉండేది. పొద్దుగూకేసరికి వీధంతా ఆయన వాకిట్లో చేరేది, చేరి ఊరుకునేది కాదు, రేడియోకు జవాబు చెప్పేది. సేద్యం సంగతులు చెప్పే ఆయన వేరుశనగకు నీళ్ళు బాగా కట్టమన్నాడో లేదో, "నీళ్ళు నువ్వు పంపియ్యప్పా, మేం కడతాం" అని మామ, "సల్లగా కూసోని శానా చెప్తాండాడు, ఒకపూట కలుపు తీయను రమ్మను" అని అత్త. ఆ జవాబుల హోరులో అసలు వార్త ఎవరికీ వినపడేది కాదు, ఎవరికీ అక్కర్లేదు కూడా.

కొన్నాళ్ళు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలి, తర్వాత కువైటుకు డ్రైవరుగా పోయాను. మా గదికంతా ఒకటే రేడియో, మనిషికొక వంతు. గదికి పెద్ద అయిన మలయాళీ వంటాయన, చర్చిలో ప్రార్థన విన్నట్టు కళ్ళు మూసుకుని వార్తలు వినేవాడు. పక్కన దగ్గినా కోపమే. ఈజిప్టు మేస్త్రీ పాట మొదలుకాకముందే తొడమీద దరువు మొదలుపెట్టేవాడు. ఆ పాట ఒక్కటి ముగిసేలోపల మనం అన్నం వండి, తిని, గిన్నెలు కూడా కడుక్కోవచ్చు. పఠాను క్రికెట్టు కోసం రేడియోను చంటిపిల్లలా చెవికి హత్తుకుని, స్కోరు మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. నా వంతు సాయంత్రం కాసేపు, గరగరల మధ్య మన దేశం నుంచి వచ్చే తెలుగు. రోజు మొత్తంలో నా చెవిన పడే తెలుగు అదొక్కటే.

నేనేమో ఎవరి వంతులోనైనా మా మామలాగే జవాబిచ్చేవాణ్ణి. పెద్దాయన ఓపిక పట్టి పట్టి ఒకరోజు తీర్పు చెప్పాడు: నోరు మూసుకోవడం నేర్చుకునేదాకా నాకు వంతు లేదు. అన్నం మానెయ్యమన్నా అంత బాధపడేవాణ్ణి కాదు.

నోరు కట్టుకుని కూర్చున్న ఆ వారమంతా ఇసుకగాలి. పనుల్లేక అందరి ముఖాలూ మాడిన రొట్టెల్లా ఉన్నాయి. అరబ్బీ వార్తలాయన గంభీరంగా, రేపు కూడా దుమ్మే అన్నాడు. ఇక నా నోరు నా మాట వినలేదు.

"ఏమప్పా, నిన్న పోసింది సాలదా? మీ ఇంట్లో కసువంతా మా మిందనే ఎత్తిపోస్తాండావే!"

ఏమన్నావని పఠాను అడిగితే, కసువంటే ఇల్లూడ్చిన చెత్త అని మొదలుపెట్టి, వచ్చీరాని హిందీలో, అరబ్బీలో చెప్పాను. ఈజిప్టు మేస్త్రీ మంచంమీద పడి దొర్లి, లేచి, తన భాషలో వార్తలాయన్ను దులిపేశాడు. ఆ వెనకే మలయాళం వార్తల్లో కేరళలో ఎడతెగని వాన అనగానే, ప్రార్థన పెద్దమనిషి కళ్ళు తెరిచి, ఒక బిందెడు ఇటు పంపరాదా అని అరిచాడు. అరిచి, తనే సిగ్గుపడి, రేడియో తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటే షరతు: నా జవాబులన్నీ గదికి విడమర్చి చెప్పాలి.

గరగరల్లోంచి తెలుగు వచ్చింది. రాయలసీమలో అక్కడక్కడ జల్లులట. "యాడప్పా?" అన్నాను. విడమర్చి చెప్పానో లేదో, పఠాను "యాడప్పా?" అని గద్దించాడు, పెద్దాయన అందుకున్నాడు, 'ప' పలకని ఈజిప్టాయన "యాడబ్బా?" అని గుడ్లురిమాడు. నాలుగు గొంతులు ఒక్కటై కోసిగి మాటతో మన రేడియోను నిలదీసిన ఆ సాయంత్రం, కువైటులో నాకన్నా గెలిచినవాడు లేడు.

ఇప్పటి రేడియోలు మనల్ని మాట్లాడమని బతిమాలతాయి, నంబరిచ్చి లైనులో ఉండమంటాయి. మనం ఎవరూ అడక్కుండానే మాట్లాడాం. అప్పటి రేడియో వినలేదు, నిజమే, పక్కనున్నవాళ్ళు విన్నారు. ఇప్పుడది వింటుంది గానీ, పక్కన ఎవరుంటున్నారు చెప్పండి?