సుక్క తేన్పు, నా ఉద్యోగం

గేదె తేన్పులు కొలవబోయి ఉద్యోగం ఊడగొట్టుకోబోయినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. నవ్వండి, ఫర్వాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

గేదె నెమరువేస్తూ తేన్చినప్పుడు మీథేన్ వాయువు బయటికొస్తుంది. దాన్ని కొలవడం నా కొత్త ఉద్యోగం. టార్చిలాంటి మీటరు చేతికిచ్చి, “పని సరిగా చేస్తేనే ఖాయం చేస్తాం” అన్నారు మా సార్. తూంకుంటలోని మా ఇంటినుంచి బండిమీద రావల్‌కోల్ వెళ్లి, సత్తెమ్మగారి కొట్టంలో సుక్క అనే గేదె మూతిమీద దాని వెలుగు వేశాను. అంకె చూసి మతిపోయింది. ఊళ్లో గేదెలన్నీ కలిసి తేన్చినా అంత రాదు!

“అవ్వా, మేడ్చల్ మొత్తంలో నీ సుక్కే ఫస్టు!”

“ఏంల ఫస్టు బిడ్డా? పాలల్లనా?”

“తేన్పుల్లో!”

“గట్లనా! తిన్నది మంచిగ అరుగుతాంది అన్నట్టు,” అని ఆవిడ మురిసిపోయింది.

నేను ఊరుకోవచ్చుగా? సార్‌కి ఫోన్ చేసి, “ఇలాంటి గేదెను మీరు జన్మలో చూసుండరు,” అన్నాను. మర్నాడే వస్తానన్నారు.

వచ్చేసరికి సుక్క కొమ్ములకు పసుపు, నొసట కుంకుమ, మెడలో బంతిపూల దండ. వాడకట్టంతా దిగింది. “పెద్దసారొస్తాండు, కొట్టంల చీకట్ల ఏం గనవడ్తది?” అని సత్తెమ్మ దాన్ని వాకిట్లోకి తెచ్చి కట్టేసి, దిష్టి కూడా తీసింది.

గురిపెట్టాను. సుక్క పాపం గట్టిగానే తేన్చింది. అంకె మాత్రం అన్ని గేదెల్లాగే వచ్చింది.

“ఇదేనా నేను జన్మలో చూడని గేదె?” అన్నారు సార్.

“జనాన్ని చూసి సిగ్గుపడుతోంది సార్.”

“సిగ్గు గిగ్గు నా సుక్కకు లెవ్వు!” అని కస్సుమంది సత్తెమ్మ.

ఉద్యోగం కళ్లముందే జారిపోతోంది. కొట్టంలోకి పరిగెత్తి, “నిన్న ఇక్కడ కట్టేసి ఉంది సార్,” అంటూ ఖాళీ గుంజవైపు వెలుగు వేశాను. మీటరు కెవ్వుమంది. నిన్నటి అంకె!

సార్ గుంజను చూశారు. నన్ను చూశారు. “ఏమయ్యా, గుంజ తేన్చిందా?”

గుంజ వెనక గోడవారగా గోబర్‌గ్యాస్ గొట్టం. దాని అతుకు ఊడి బుస్సుమంటోంది. అదీ మీథేనే! వెలుగు మూతి దాటి వెనకదాకా పోతుందని, దారిలో ఉన్న మీథేనంతా అంకెలో కలిసిపోతుందని మొదటిరోజే నేర్పారు, నేనే మరిచిపోయాను. సార్ గబగబా వాల్వు కట్టేశారు.

“అందుకేనా పొయ్యిల మంట సన్నగ వస్తాంది! పిలగాడు మంచిగ పట్టిండు సారూ, ఏమనకుండ్రి,” అంది సత్తెమ్మ.

సార్‌కి నవ్వాగలేదు. “సరే, ఉండనిద్దాం. గేదెల సంగతేమో గాని గొట్టాలు బాగా చూస్తాడు.”

“మరి నా సుక్క ఫస్టా, కాదా?”

“సింగారంలో ఫస్టేనమ్మా!”

సుక్క మెడలోని బంతిపూల మీద ఒట్టేసి చెబుతున్నాను. వెనకాల ఏముందో చూడకుండా ఈ జన్మలో మరే గేదెనూ పొగడను.