అడగకుండా వేసిన మార్కులు

పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు ఉన్న రోజుల్లో, ఒక ఏడు ఫిబ్రవరి నెలాఖరున, నన్ను పుల్లలచెరువు మండలానికి మోడరేషన్ టీం లీడరుగా వేశారు. అప్పుడు నేను గిద్దలూరు పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో గెజిటెడ్ హెడ్మిస్ట్రెస్‌ని. రిటైర్మెంటు దగ్గరపడింది, మోకాళ్లు మొండికేస్తున్నాయి, ఎండలు అప్పుడే ముదిరాయి. ఎర్రగొండపాలెం దాటాక బస్సుల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ డ్యూటీ కోరి వేయించుకోరు. నేనూ కోరలేదు.

ఆ డ్యూటీ ఏమిటో కొంచెం చెప్పాలి. సబ్జెక్టుకు వంద మార్కుల్లో ఎనభై పబ్లిక్ పరీక్షవి, ఇరవై బడిలో టీచరు వేసేవి. ఆ ఇరవై ఏడాది పొడుగునా జరిగే నాలుగు ఫార్మేటివ్ పరీక్షల నుంచి వస్తాయి. స్టాఫ్ రూముల్లో వాటిని ఎఫ్ఏలు అనేవాళ్లం. ఒక్కో ఎఫ్ఏకి యాభై మార్కులు: తరగతిలో పాల్గొన్నందుకు పది, రాతపనులకు పది, ప్రాజెక్టుకు పది, స్లిప్ టెస్టుకు ఇరవై. స్లిప్ టెస్టు అంటే టీచరు తాను చెప్పిన పాఠం మీద, ముందుగా చెప్పకుండా, తానే ప్రశ్నలు తయారు చేసి పెట్టే చిన్న పరీక్ష. పాఠం పిల్లలకు అందిందా లేదా తెలుసుకుని, అందనివాళ్లకు మళ్లీ చెప్పాలని దాని ఉద్దేశం. కాగితం మీద ఇంతకన్నా మంచి ఆలోచన నా సర్వీసులో చూడలేదు. ఒక హెడ్మాస్టరు, ఒక భాషా టీచరు, ఒక సబ్జెక్టు టీచరు కలిసి వేరే మండలం బడులకు పోయి, వేసిన మార్కులకు ఆధారాలున్నాయో లేదో చూసి సంతకం పెట్టడం మోడరేషన్ టీం పని. అధికంగా వేస్తే తగ్గించే హక్కు కూడా మాకుండేది.

ఇక టీచర్ల అభిప్రాయాలు. ఏ స్టాఫ్ రూములో కూర్చున్నా అవే రెండు మాటలు. ఒకటి, “మార్కులు మన జేబులోవా మేడం, ఏస్తే ఏం పోతుంది?” రెండోది, “ప్రైవేటోళ్లు ఇరవైకి ఇరవై ఏసుకుంటాంటే మన పిల్లోళ్లు ఎందుకు నష్టపోవాల?” మొదటిదానికి నా దగ్గర జవాబుండేది. రెండోదానికి లేదు, అదే నాకు ఒళ్లుమంట. ట్రైనింగుల్లో ప్రతిసారీ ఈ ప్రశ్న లేచేది. రిసోర్స్ పర్సన్ గడియారం చూసుకునేవాడు, టీ వచ్చేది, అందరం లేచిపోయేవాళ్లం.

మేం వెళ్లిన బడి పేరు రాయను. నాతో పాటు దోర్నాల నుంచి వచ్చిన తెలుగు టీచరు సుబ్బారెడ్డి గారు, ఇంకొక సైన్సు టీచరు ఉన్నారు. హెడ్మాస్టరు మాకు కొబ్బరినీళ్లు ఇచ్చి, రికార్డులన్నీ ముందే బల్ల మీద పేర్పించారు. అన్ని సబ్జెక్టుల్లోనూ నలభై ఏడులు, నలభై ఎనిమిదులు. సంతకాలు పెట్టేసి మధ్యాహ్నం బస్సు పట్టుకోవచ్చని సుబ్బారెడ్డి గారు అప్పుడే సంచి సర్దుకున్నారు. సోషల్ రికార్డు తెరిచాక కథ అడ్డం తిరిగింది.

సోషల్ టీచరు పేరు ప్రభాకర్. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, అడిగితే తప్ప మాట్లాడని మనిషి. ఆయన మార్కులు ముప్పై రెండు, నలభై ఒకటి, పంతొమ్మిది, ఇట్లా నిజమైన పిల్లలకు వచ్చే మార్కుల్లాగే ఉన్నాయి. రూతు అనే అమ్మాయికి నాలుగో ఎఫ్ఏలో సున్నా. అదే అమ్మాయికి మిగతా అన్ని సబ్జెక్టుల్లోనూ ఆ ఎఫ్ఏలోనే నలభై ఎనిమిది. హాజరు పట్టీ తెప్పించాను. ఎఫ్ఏ జరిగిన వారమే కాదు, దానికి ముందూ వెనకా కూడా ఆ పిల్ల బళ్లో లేదు. తల్లిదండ్రులతో గుంటూరు వైపు మిరపకాయ కోతలకు వెళ్లింది.

అంటే రాయని పరీక్షకు ఒకాయన సున్నా వేశాడు, మిగతావాళ్లు నలభై ఎనిమిది వేశారు. హెడ్మాస్టరు మొహం చిన్నబోయింది. కోపం నలభై ఎనిమిదుల మీద కాదు, సున్నా మీద. “ఈ ఒక్క సున్నాతో బడి పరువంతా తీస్తివి గదయ్యా” అని మా ముందే ప్రభాకర్‌ను కసిరారు. ప్రభాకర్ తల దించుకోలేదు. “పిల్ల రాలేదు సార్. రానిదానికి ఏం ఏసేది?” అన్నాడు.

రూతు ఆ తరగతిలో మొదటి పిల్ల అని హెడ్మాస్టరు చెప్పారు. మాదిగపల్లెలో, కూలి పని మీద బతికే ఇంట్లో పుట్టింది. ఉచితంగా చదువూ భోజనమూ పెట్టే రెసిడెన్షియల్ కాలేజీలో సీటు వస్తేనే ఆమెకు పై చదువు. ఆ సీటు గ్రేడ్ల మీద ఇస్తారు. హాజరు పట్టీ చూసినందువల్ల నిబంధన ప్రకారం మేం అన్ని సబ్జెక్టుల్లోనూ ఆ ఎఫ్ఏని సున్నా చేయాలి. చేస్తే ప్రతి సబ్జెక్టులో ఇరవైలో అయిదు పోతాయి, గ్రేడ్లన్నీ జారతాయి, సీటు పోతుంది. సుబ్బారెడ్డి గారు గొంతు తగ్గించి రెండో దారి చూపించారు. సోషల్‌లో కూడా నలభై అయిదు చేయించి, పట్టీ మనం చూడలేదనుకుంటే సరి. “రెండిట్లో ఏదో ఒకటి తేల్చండి మేడం, బస్సు టైమయితాంది” అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషిని. రెండు జవాబులూ తప్పయితే ఏదో ఒకటి టిక్కు పెట్టమంటే ఎట్లా? అమ్మాయి బళ్లో ఉందా అని అడిగాను. కోతల నుంచి తిరిగొచ్చింది, ప్రీ ఫైనల్ రాయడానికి ఆ పూట వచ్చింది అన్నారు. పిలిపించాను.

ఎండకు కమిలిన మొహం, వేళ్లకు ఇంకా మిరప ఘాటు వదలని చేతులు. ఎందుకు పోయావంటే, ఇల్లు తాళమేసి పోయినారు, తననొక్కదాన్నే ఎట్ల వదిలిపెట్టి పోతారని తిరిగి నన్నే అడిగింది. మార్కుల సంగతి చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. విసుక్కుంది.

“నలభై ఎనిమిది ఎట్ల ఏసినారో నాకు తెల్దు మేడం. సున్నా ఎట్ల ఏసినారో అది కూడా తెల్దు. నన్నయితే ఎవురూ ఏమీ అడగలేదు.”



ఆ ఎఫ్ఏ ప్రాజెక్టు అంశం ఏమిటని ప్రభాకర్‌ను అడిగాను. ఆయన చెప్పడానికి కొంచెం తటపటాయించాడు. వలసలు. పాఠంలో ఉన్నదే. తక్కిన పిల్లల ప్రాజెక్టులు తిరగేశాను. చాలావరకు ఒకే ఇంటర్నెట్ షాపులో తీయించిన ప్రింట్లు, అదే రైల్వే స్టేషన్ బొమ్మ, అవే వాక్యాలు. ఒకదాని అట్ట మీద ఇంకేదో ఊరి బడి పేరు కొట్టేయడం కూడా మర్చిపోయారు. ప్రింట్లకు ప్రభాకర్ నాలుగుకు మించి వేయలేదు, అది ఆయన గట్టిదనం. కానీ వలస పోయినందుకు వలసల ప్రాజెక్టులో సున్నా పడిన పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

ఇప్పుడే ఆమెను పరీక్షించమన్నాను. ఎఫ్ఏ గడువు అయిపోయింది మేడం అన్నాడు ప్రభాకర్. గడువు మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి, పిల్ల నేర్చుకోవడానికి కాదన్నాను. కొంచెం గట్టిగానే అన్నాననుకుంటాను, బయట వరండాలో పిల్లలు తొంగిచూశారు.

ప్రభాకర్ కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఎవరు పోతారు, ఎవరు పోరు అని మొదలుపెట్టాడు. రూతు నిలబడే చెప్పింది. “క్రిస్మస్ అయినాక కూలీల మేస్త్రీ వస్తాడు సార్, ఇంటికి ఎంతమంది అని మాట్లాడుకుంటాడు. ముందు మాయట్ల కూలోళ్లే పోతాండ్రి. ఇప్పుడు బోర్లు ఎండిపోయి భూములున్నోళ్లు కూడా వస్తున్నారు. వాళ్లు చేను గట్టున మా పక్కనే పట్టల గుడిసెలు ఏసుకోరు, అవతల ఏసుకుంటారు.” ప్రభాకర్ తల ఎత్తి చూశాడు. ఈ పాఠం ఇన్నేళ్లుగా చెబుతున్నా ఆ చివరి మాట తనకెప్పుడూ తట్టలేదని తర్వాత నాతో అన్నాడు. ఆపైన రుతువుల వలసకూ శాశ్వత వలసకూ తేడా, జనాభా లెక్కల్లో వలసదారు అని ఎవరిని అంటారు అని అడిగాడు. మొదటిది చెప్పింది, రెండోదానికి నీళ్లు నమిలింది. ప్రాజెక్టుకు ఎనిమిది వేసి, స్లిప్ టెస్టుకు అక్కడికక్కడే ప్రశ్నలు రాసిచ్చాడు. ప్రాజెక్టుకు పదికి పదీ వేయవయ్యా అని హెడ్మాస్టరు బతిమాలారు. వేయలేదు.

మిగతా టీచర్లను కూడా అట్లాగే కూర్చోబెట్టాను. గొణిగారు, సణిగారు. హిందీ టీచరు అందరికన్నా నొచ్చుకున్నాడు. “నలభై ఎనిమిది ఏసిన చేత్తో ఎట్ల తగ్గియ్యాల మేడం? పిల్ల నోటికాడి కూడు తీసినట్టయితాది” అన్నాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. హిందీలో ముప్పై ఒకటి వచ్చింది. అది కొట్టి ఇది రాసి, పక్కన మా ముగ్గురి సంతకాలు పెట్టాం. మధ్యాహ్నం బస్సు పోయింది. సాయంత్రం బస్సులో సుబ్బారెడ్డి గారు నాకు దూరంగా వెనక సీట్లో కూర్చున్నారు.

మరుసటి రోజు ఇంకో బడికి పోయాం, అది ప్రైవేటుది. అన్నీ ఇరవైకి ఇరవై. పట్టీలు, ప్రాజెక్టులు, స్లిప్ టెస్టు కాగితాలు అన్నీ అద్దంలా సరిపోయాయి. తప్పు పట్టడానికి ఒక్క సందు లేదు. సంతకం పెట్టాను. పెడుతున్నంతసేపూ నిన్నటి హిందీ ముప్పై ఒకటే కళ్ల ముందు ఉంది.

కాలేజీ మొదటి జాబితాలో రూతు పేరు రాలేదు. హిందీలో గ్రేడు ఒక మెట్టు తగ్గింది, ఆ మెట్టే అడ్డమైంది. రెండో జాబితాలో వచ్చిందని ప్రభాకర్ ఫోన్ చేసి చెప్పాడు. రాకపోయుంటే ఏం జవాబు చెప్పేదాన్నో నాకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత పదో తరగతికి ఇంటర్నల్ మార్కులే ఎత్తేశారు. టీచర్లు సరిగ్గా వేయడం లేదని కారణం చెప్పారు. మా స్టాఫ్ రూములన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. ఇప్పటికీ కొత్త టీచర్లు కలిస్తే, తరగతిలో పిల్లల్ని అంచనా వేసే పద్ధతి మంచిదా చెడ్డదా అని అడుగుతుంటారు. ఆ పద్ధతిని మంచిదనడానికో చెడ్డదనడానికో ముందు మనం దాన్ని ఒకసారి చేసి ఉండాలి. నిజాయితీగా సున్నా వేసినవాడూ, జాలిపడి నలభై ఎనిమిది వేసినవాళ్లూ ఆ పిల్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తక్కిన పిల్లలకు ప్రభాకర్ వేసినవి పక్కన పెడితే, ఆ మండలంలో నేను సంతకం పెట్టిన మార్కులన్నిట్లో, ఎందుకు వేశారంటే కారణం చెప్పగలిగినవి ఆ పూట అడిగి వేసినవే.