మావయ్య ఊళ్ళో లేనప్పుడు నేను కొట్టిన గంట

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో బీఈడీ పాసైన ఆడపిల్లకి ఎంత గర్వం ఉండేదో చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. నాకైతే అందరికన్నా రెండు పాళ్ళు ఎక్కువే ఉండేది. బర్మామైన్స్‌లో మా తెలుగు బడిలో టీచరుగా చేరిన కొత్తలో, చీర నలుగుతుందని కుర్చీలో కూడా సగమే కూర్చునేదాన్ని. ఆ దర్జాకి ఒక్కటే అడ్డం. ఆ బడి ప్యూను మా మేనమామ. గేటు తీసేది, గంట కొట్టేది, కుండల్లో నీళ్ళు నింపేది, ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడిచేది అన్నీ ఆయనే. చేరే ముందురోజు ఆయన్ని కూర్చోబెట్టి, "మావయ్యా, బడిలో మన చుట్టరికం బయటపెట్టకు. పిల్లలు నన్ను లెక్కచెయ్యరు" అన్నాను. (పిల్లలదేముంది, సాటి టీచర్ల గురించే నా బెంగ.) ఆయన పకపకా నవ్వి, "అలాగేనే గుంటా! రేపట్నించి నువ్వు మేడమ్‌గారివి, నాను ప్యూన్ని. సరేనేటి?" అన్నాడు. సిగ్గుపడాల్సింది పోయి నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కొన్నాళ్ళకి మావయ్య చుట్టాలింట్లో పెళ్ళికని శ్రీకాకుళం వైపు వెళ్ళాడు. మూడు రోజులు హెడ్మాస్టరుగారే గంట కొట్టుకున్నారు. నాలుగోరోజు ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. బడికి గుర్తింపు ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఆయన చేతిలో ఉంది. హెడ్మాస్టరుగారు కాగితాల్లో మునిగిపోయి, "ఇవాళ గంట ఎవరు చూసుకుంటారమ్మా?" అని అడిగితే, "గంట కొట్టడానికేముంది సార్, నేను చూసుకుంటాను" అన్నాను. మా గంట అంటే వేపచెట్టుకి వేలాడే రైలు పట్టా ముక్క. పీరియడుకి ఒక దెబ్బ, విరామానికి రెండు, ఆపకుండా గబగబా కొడితే ఇంటికి. అంతే లెక్క. నేను పాఠం చెప్పే ఉత్సాహంలో గడియారం చూడటం మరిచాను. చూసేసరికి రెండో పీరియడు అయిపోయి చాలాసేపయింది. పరుగెత్తుకెళ్ళి, అన్ని గదులకీ వినపడాలని ఆ పట్టాముక్కని ఎడాపెడా వాయించేశాను.

పిల్లలకి అంతకన్నా తీపికబురు ఏముంటుంది? నా చేతిలోంచి సుత్తి ఇంకా దిగకముందే బడి ఖాళీ. హెడ్మాస్టరుగారు పరుగున బయటికొచ్చారు. తిడతారనుకుని తలవంచుకున్నాను. ఆయన తిట్టలేదు. ముఖం పాలిపోయి, "అవతల బాగ్‌బేరా వైపు వెళ్ళే చిన్నపిల్లల్ని రైలు పట్టాలెవరు దాటిస్తారమ్మా?" అన్నారు. అప్పుడు తెలిసింది నాకు. రోజూ సాయంత్రం గేటు వేశాక మావయ్య చిన్నపిల్లలందర్నీ చేతులు పట్టించి రైలు పట్టాలు దాటించి వచ్చేవాడట. ఈ మూడు రోజులూ ఆ పని హెడ్మాస్టరుగారే చేశారట. ఒకే బడిలో ఉంటూ, ఒకే ఇంట్లో అన్నం తింటూ, ఆయన ఆలస్యంగా ఎందుకొస్తాడో నేనొక్కసారీ అడగలేదు.

చెప్పులు వదిలేసి పరుగెత్తాను. పట్టాల దగ్గరికి చేరేసరికి గూడ్సుబండి ఒకటి నేలదద్దరిల్లేలా పోతోంది. దానికి ఇవతల, పిల్లల దారికి అడ్డంగా తన రేకుపెట్టె పడేసి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు మావయ్య! స్టేషన్లో దిగి నడిచొస్తూ పిల్లలకి ఎదురుపడ్డాడు. "ఛుట్టీ హో గయా మామా!" అని, బడి వదిలేశారని వాళ్ళు గోలపెడుతుంటే, "ఏటి ఛుట్టీ? నాను నేకుండా గంట ఎవులు కొట్టేరు?" అని గదమాయిస్తున్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించి, "ఏటయింది మేడమ్‌గారూ?" అన్నాడు. అంత హడావిడిలో కూడా నాకిచ్చిన మాట తప్పలేదు. నాకు ఏడుపొచ్చేసింది. "నేనే కొట్టాను మావయ్యా" అన్నాను, పిల్లలందరూ వింటుండగానే.

"ఏడవకే తల్లీ. సిన్నోల్లందరూ ఈడే ఉన్నారు. ఒక్కడూ పట్టా దాటనేదు. పద, బడికెల్దాం."

(గోల్‌మురి వైపు వెళ్ళినవాళ్ళు మాత్రం ఆరోజు మాకు దక్కలేదు.)

మేం వచ్చేసరికి ఇన్‌స్పెక్టరుగారు వరండాలో కూర్చుని ఉన్నారు. చేతులు పట్టుకుని వరసగా, చప్పుడు లేకుండా గేట్లోంచి వస్తున్న పిల్లల్ని చూసి ముచ్చటపడి, "ఇంత క్రమశిక్షణ ఎవరు నేర్పారండీ?" అన్నారు. హెడ్మాస్టరుగారు నావైపు చూశారు. నోరు మూసుకుంటే గండం గడిచిపోయేదే. కానీ నేను ముందుకెళ్ళి, "మా మావయ్య సార్. ప్యూను. నా సొంత మేనమామ. తప్పు గంట కొట్టి బడి వదిలేసింది నేను. పిల్లల్ని కాపాడి తీసుకొచ్చింది ఆయన" అని గడగడా చెప్పేశాను. అందరూ నిర్ఘాంతపోతారనుకున్నాను. మా లెక్కల టీచరు తాపీగా, "ఆయన నీ మేనమామ అని మాకెప్పుడో తెలుసులేవమ్మా. నీ అర్జీ మడత నలక్కుండా పట్టుకొచ్చి ఇచ్చింది ఆయనేగా!" అంది. తెలియదనుకున్నది నేనొక్కదాన్నే.

ఇన్‌స్పెక్టరుగారు నన్ను మందలించారు, బడి గుర్తింపు ఉంచారు. చివర్లో అందరికీ కలిపి ఫొటో తీసేటప్పుడు మావయ్య అలవాటుగా పక్కకి తప్పుకోబోతే, "మీరిక్కడ" అని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. మావయ్య వేళ్ళతో జుట్టు దువ్వుకుని, రైలు ప్రయాణంలో నలిగిన చొక్కా లాక్కుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

ఆ ఫొటో ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్ళందరూ ఆయన్ని చూపించి, "ఈయన హెడ్మాస్టరా?" అని అడుగుతారు. "కాదు, ఆ బడికి ప్యూను. మా మావయ్య" అని చెప్పడంలో నాకున్న సంతోషం ఇంతా అంతా కాదు. "మరి మీరెక్కడ?" అంటే వెనక వరసలో చివర చూపిస్తాను. ప్రపంచంలో తనకి తెలియనిది లేదనుకున్న ఆ పిల్ల, అందరూ కళ్ళు తెరిచి చూస్తున్న ఆ ఒక్క క్షణంలో గట్టిగా కళ్ళు మూసుకుని నిలబడింది. చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. పాపం, ఇప్పుడిప్పుడే తెరుస్తోంది అనుకుంటాను.