అయ్యగారి దగ్గుతో సహా

పెండ్లి కాకముందే భార్యను పోగొట్టుకున్న మగవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. అదీ కాబోయే మామగారి ఇంట్లో, ఆయన కళ్లెదుటే పోగొట్టుకున్నాను.

అప్పుడు నేను సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాణ్ణి. నాకో పిచ్చి ఉండేది. నేను పుట్టకముందే చనిపోయిన ఒక గొప్ప ప్రసంగీకుడి పిచ్చి. ఆ అయ్యగారు బైబిలు వాక్యం చెబితే రాళ్లు కూడా ఏడ్చేవట. ఆయన పాత క్యాసెట్లను ఎవరో ఫోన్లలోకి ఎక్కించారు. మగ్గాల మోతలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకే ప్రసంగాన్ని అరిగిపోయేదాకా విన్నాను. ఆయన ఎక్కడ ఆగుతారో, ఎక్కడ దగ్గుతారో కూడా కంఠతా వచ్చేసింది.

"గా సచ్చిపోయిన అయ్యగారిని ఇడిసిపెట్టి, బతికున్న పిల్లను చూసుకో బిడ్డా" అని మా అమ్మ మొత్తుకునేది.

అలా చూసిందే కోరుట్ల సంబంధం. పిల్ల పేరు కరుణ. ఫోటో చూసిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. వాళ్ల నాన్న ఏలియాగారు సంఘపెద్ద. ఆయనకో పట్టుదల: పిల్లవాడు తమ ఇంటి ప్రార్థన కూటంలో వాక్యం చెప్పాలి, అది విన్నాకే పిల్లనిచ్చే మాట.

వెళ్లాను. ఇంటి నిండా జనం. ఏలియాగారి మీసాలు చూడగానే నేను సిద్ధం చేసుకున్న వాక్యమంతా వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లిపోయింది.

"ఏంది బాబు, గట్ల వణుకుతున్నవ్?"

"ఫ్యానుగాలి అయ్యా."

"కరెంటు లేదు కదా!"

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. నేనింకా అల్లుణ్ణి కూడా కాలేదు, శని ముందే వచ్చి కూర్చుంది. భయంతో కళ్లు మూసుకున్నాను. నోరు దానంతటదే అయ్యగారి ప్రసంగం అందుకుంది. ఆయన ఆగిన చోట ఆగాను, దగ్గిన చోట దగ్గాను. చుట్టూ హల్లెలూయాలు! ఎవరో ముక్కు చీదుకుంటున్నారు. అక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ కంఠతా పట్టినవాడు మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే పోవాలి కదా! అందుకే ఆపలేదు.

"నా తల నెరిసింది, ప్రియులారా! నా భార్య నన్ను విడిచి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె సమాధి దగ్గర కుమిలి కుమిలి ఏడ్చాను..."

హల్లెలూయాలు ఆగిపోయాయి. కళ్లు తెరిస్తే ఏలియాగారు లేచి నిలబడి ఉన్నారు.

"నీకు ఇంతకుముందే పెండ్లయిందా?"

"లేదయ్యా!"

"మరి సచ్చిపోయింది ఎవలు?"

"నా భార్య కాదయ్యా, అయ్యగారి భార్య."

"ఆయన పెండ్లాం సమాధి కాడ నువ్వెందుకు ఏడ్చినవ్?"

దీనికి జవాబు మీకు తెలిస్తే ఇప్పటికైనా చెప్పండి. తలుపు చాటున నిలబడ్డ కరుణ లోపలికి వెళ్లిపోయింది. ఇక ఈ పిల్ల నాకు దక్కదనుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు మూలన కూర్చున్న కరుణ నాయనమ్మ బోసినోటితో కిలకిలా నవ్వింది.

"కూసో కొడుకా! గా పోరన్ని ఏమనకు. నేను వయసుల ఉన్నప్పుడు జగిత్యాల కూటాలల్ల గా అయ్యగారి వాక్యం ఇన్న. మాటలు గాయనయే, గీ దగ్గు సుత గాయనదే!"

ఇల్లంతా గొల్లున నవ్వింది. లోపలి గదిలోంచి కూడా నవ్వు వినిపించింది. అది విన్నాకే నాకు ఊపిరాడింది.

ముసలమ్మ నన్ను దగ్గరికి పిలిచి చెవి మెలిపెట్టింది. "గాయన లెక్క చెప్పుడు మంచిదే పిలగా. గని భార్య పోయినంక గాయన మళ్ల పెండ్లి చేసుకున్నడు. గది మాత్రం నేర్వకు!"

ఇది రాస్తుంటే కరుణ నా వెనకే నిలబడి చదువుతోంది. అందుకని ఆమె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అయ్యగారి మీది అభిమానం నేను మట్టిలో కలిసేదాకా పోదు. కానీ ఆయన దగ్గు ఆయనకే, ఆయన కన్నీళ్లు ఆయనకే. కంఠతా వచ్చింది కదా అని ఇకమీదట పరాయివాళ్ల భార్యల కోసం నేను ఏడవను గాక ఏడవను. ఆమేన్.